ఫంగస్ వదిలే సంచులు

శ్రోతలకు నమస్కారం.

చెన్నై అపార్ట్‌మెంట్లలో ఉండే మనవాళ్ళను ఎవరిని కదిలించినా పావురాల గోలే చెబుతారు. ఏసీ పెట్టె వెనకాల తెల్లగా ఎండిపోయిన రెట్టలు చూసే ఉంటారు. వాటిని పొడిచీపురుతో ఊడవకండి, తడిపి తీయండి, ముక్కుకు మాస్కు కట్టుకోండి. లేచే దుమ్ములో క్రిప్టోకాకస్ అనే ఫంగస్ ఉండొచ్చు.

ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో చాలామందిని అదేమీ చేయదు. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్ళలో, ముఖ్యంగా హెచ్‌ఐవీ ముదిరినవాళ్ళలో, ఊపిరితిత్తుల నుంచి మెదడు పొరలకు పాకి మెనింజైటిస్ తెస్తుంది. ప్రాణాలే పోతాయి. మన దేశంలో హెచ్‌ఐవీ మొదట బయటపడింది 1986లో, ఈ చెన్నైలోనే. అందుకే ఈ సంగతి ఇక్కడ చెప్పుకోవాలి.

ఈ ఫంగస్ తన ఒంట్లోంచి అతి చిన్న సంచులను బయటికి వదులుతుంది. ఎంత చిన్నవంటే, వెంట్రుక మందంలో వందల సంచులు వరసగా పడతాయి. ఫంగస్ చుట్టూ గట్టి గోడ ఉంటుంది, దాన్ని దాటి ఇవి రాగలవని చాలాకాలం ఎవరూ అనుకోలేదు. 2007లో రోడ్రిగ్స్, కాసడెవల్ అనే శాస్త్రవేత్తల బృందం క్రిప్టోకాకస్‌లో వీటిని చూపించింది. వాటిలో ఉన్నది జీఎక్స్‌ఎం అనే జిగురు చక్కెర. ఫంగస్ దాన్నే ఒంటినిండా కప్పుకుని మన రక్షణ కణాలకు చిక్కకుండా తప్పించుకుంటుంది. దీనికి దగ్గరి చుట్టమైన గాటీ అనే రకంలో ఇంకో వింత ఉంది. ఒక ఫంగస్ వదిలిన సంచులు మన రక్షణ కణంలోకి దూరి, అప్పటికే అక్కడున్న మరో ఫంగస్ చకచకా పెరిగేలా చేస్తాయి. దూరం నుంచే సాయం అందిస్తాయన్నమాట!

అయితే ఈ సంచులే శత్రువు జాడను మన ఒంటికి పట్టిస్తాయి కూడా. ల్యాబ్‌లో ఇవి తగలగానే మ్యాక్రోఫేజ్ అనే రక్షణ కణాలు మేల్కొని ఫంగస్‌ను మరింత గట్టిగా చంపాయి. ముందుగా ఈ సంచులు ఇచ్చిన ఎలుకలు ఇన్‌ఫెక్షన్ సోకాక ఎక్కువ రోజులు బతికాయి. మనుషులకు టీకా ఇంకా రాలేదు గానీ, నాకు దీనిమీద గట్టి ఆశ ఉంది.

టీకా వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఫంగస్ వదిలే ఆ జిగురు చక్కెరనే రక్తంలో పట్టుకునే క్రాగ్ పరీక్ష ఉంది. కొన్ని చుక్కల రక్తం, పది నిమిషాలు చాలు. తలనొప్పి మొదలవడానికి వారాల ముందే జబ్బును బయటపెట్టగలదు. హెచ్‌ఐవీ ఉండి సీడీ4 అనే రక్షణ కణాల సంఖ్య 100 కంటే తగ్గినవాళ్ళకు ఈ పరీక్ష చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీవాళ్ళెవరైనా ఆ స్థితిలో ఉంటే, హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో క్రాగ్ పరీక్ష గురించి మొహమాటపడకుండా అడగండి.