రైలు ఆగింది, దిగకండి

శ్రోతలకు నమస్కారం.

వానాకాలం స్టేషన్లో మైకు పలికే మాటలు మీకూ కంఠతా వచ్చే ఉంటాయి. ఫలానా రైలు రద్దయింది. ఫలానా రైలును దారి మళ్లించారు. ఫలానా రైలు ఎప్పుడొస్తుందో తెలియదు. ఆఖర్న, "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం." ఆ చింతించడం వినగానే బెంచీ మీద ఎవరో ఒకరు విసుక్కుంటారు. "నాలుగు చినుకులు పడితే చాలు, రైళ్లు ఆపేస్తారండీ!"

ఇవాళ ఆ ఆపేయడం గురించే మాట్లాడదామని వచ్చాను. ఆగిన రైలు గురించి, ఆగని రైలు గురించి. ఆగని రైలు సంగతి ముందే చెప్పేస్తాను. చెప్పడానికి కష్టంగా ఉండేది అదే.

2005 అక్టోబర్ 29. దీపావళి ఇంకా మూడు రోజులుంది. రేపల్లె నుంచి సికింద్రాబాద్ వచ్చే డెల్టా ప్యాసింజర్ తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే, అప్పటి నల్గొండ జిల్లా వలిగొండ దగ్గరికి వచ్చింది. ఎగువన చెరువు తెగింది. ఆ నీళ్లు ఒక్క ఉరుకున వచ్చి రైలుకట్ట కింది చిన్న వంతెనను తోసుకుపోయాయి. ఆ సంగతి డ్రైవరుకు తెలిసే దారి లేదు. రైలు ఆగలేదు. వంద మందికి పైగా పోయారు.

చిన్న వంతెన అన్నాను, గమనించారా? గోదావరి మీద వంతెన కాదు, కృష్ణ మీద వంతెన కాదు. పెద్ద వంతెన కింద ఎప్పుడూ నీళ్లుంటాయి కాబట్టి దాని మీద ఎప్పుడూ ఒక కన్నుంటుంది. ఏడాదిలో పదకొండు నెలలు ఎండిపోయి, మేకలు నీడకు పడుకునే తూము ఉంటుంది చూశారా, భయపడాల్సింది దాని దగ్గర.

1956లో కూడా అంతే. సెప్టెంబర్ 2న జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య వంతెన కూలి వంద మందికి పైగా చనిపోయారు. అప్పటి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా చేస్తానంటే నెహ్రూ ఒప్పుకోలేదు. మూడు నెలలు తిరక్కుండానే, నవంబర్‌లో, మద్రాసు రాష్ట్రంలోని అరియలూరు దగ్గర వరదకు మరో వంతెన పోయింది. ఈసారి శాస్త్రిగారు ఆగలేదు, నెహ్రూ ఆపలేదు. శాస్త్రిగారి రాజీనామా అనగానే అందరూ అరియలూరు పేరు చెబుతారు. మన మహబూబ్‌నగర్ పేరు ఎవరి నోటా రాదు. నాకది ఎందుకో కాస్త కష్టంగా ఉంటుంది.

సరే, అసలు రైలు పట్టాల కింద ఏం జరుగుతుంది?

చెరువుకట్టను నీళ్లు ఆపడానికే కడతారు. రైలుకట్టను అందుకు కట్టరు. వాన నీళ్లు తూముల్లోంచి ఈ వైపు నుంచి ఆ వైపుకు దాటిపోవాలి. తూముకు పట్టనంత నీరొచ్చిన రోజున రైలుకట్టే చెరువుకట్ట అయి కూర్చుంటుంది. ఒక పక్క నీళ్లు పేరుకుంటాయి. కట్ట నాని మెత్తబడుతుంది. నీరు పైనుంచి పొర్లిందా, ముందు కంకర పోతుంది. తరవాత మట్టి పోతుంది. పట్టాలు మాత్రం పోవు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. పట్టాలు అతుకు విడకుండా, స్లీపర్లతో, అంటే కింద పరిచే అడ్డదిమ్మెలతో సహా, ఊయలలాగా గాలిలో వేలాడుతుంటాయి. రాత్రిపూట ఇంజను లైటు వెలుగులో చూస్తే లైను బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. పట్టా తెగలేదు కాబట్టి సిగ్నల్ కూడా పచ్చగానే ఉండొచ్చు. కింద నేల మాత్రం ఉండదు.

2024 సెప్టెంబర్ మొదట్లో మహబూబాబాద్ జిల్లా కేసముద్రం, ఇంటికన్నె మధ్య వేలాడిన పట్టాల ఫొటోలు మీలో చాలామంది చూసే ఉంటారు. ఉత్తరాదికీ దక్షిణాదికీ మధ్య ముఖ్యమైన దారి అది, కాజీపేట–విజయవాడ మార్గం. అదే వానకు విజయవాడ పక్కన బుడమేరు పొంగి రాయనపాడు స్టేషన్ నీట మునిగింది. వందల రైళ్లు రద్దయ్యాయి. దారిలో ఉన్నవాటిని ఎక్కడికక్కడ స్టేషన్లలో ఆపేశారు. జనాన్ని బస్సుల్లో పంపించారు. పిల్లలతో, మూటాముల్లెలతో, ఆ వానలో. మళ్లీ ఆ గండి మీదుగా రైలు నడిచేసరికి నాలుగో తేదీ వచ్చింది. ఆ మూడు రోజులూ రైల్వేవాళ్లు తిన్న తిట్లకు లెక్క లేదు. కానీ ఒక్క ప్రయాణికుల రైలు కూడా ఆ గండిలో పడలేదు. వలిగొండలో ఆగని రైలు. కేసముద్రంలో ఆగిన రైళ్లు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.

మరి రైలును ఆపేదెవరు? వాతావరణ శాఖ హెచ్చరిక పంపుతుంది. వానలకు ముందే రైల్వే ఇంజనీర్లు, రాష్ట్ర నీటిపారుదల అధికారులు కలిసి, తెగితే రైలు మార్గానికి ముప్పు తెచ్చే చెరువులను చూసి వస్తారు. వాటికి వేరే జాబితాయే ఉంటుంది. ఇవన్నీ ఉంటాయి. కానీ అర్ధరాత్రి ఆపేది మాత్రం నడిచే మనిషి. పెట్రోల్‌మన్ అంటారు. రెయిన్‌కోటు, చేతిలో దీపం, ఈల, సంచీలో డిటోనేటర్లు. తన వంతు లైనంతా నడుచుకుంటూ పోతాడు. అవతలి వంతు నుంచి వచ్చే మనిషి ఎదురైతే ఇద్దరూ పుస్తకాలు మార్చుకుంటారు. నేను నడిచాను, నువ్వు నడిచావు అనడానికి అదే రుజువు. గండి కనబడితే ఎర్ర దీపం చూపిస్తూ రైలు వచ్చే వైపుకు పరుగెత్తాలి. 600 మీటర్ల దగ్గర పట్టా మీద ఒక డిటోనేటర్ పెట్టాలి. 1200 మీటర్ల దగ్గర, పది మీటర్ల ఎడంతో, మూడు పెట్టాలి. వాటి మీద చక్రం ఎక్కగానే పెద్ద చప్పుడుతో పేలుతాయి. కళ్లు కనబడని వానలో కూడా డ్రైవరుకు చెవులు వినబడతాయి కదా.

నాకు మరీ నచ్చే నియమం ఇంకొకటుంది. ఆ మనిషి రావలసిన వేళకు స్టేషనుకు రాలేదనుకోండి. అతను రాకపోవడమే ఒక కబురు. స్టేషన్ మాస్టరు ఆ వైపు వెళ్లే రైలును ఆపి, డ్రైవరు చేతికి జాగ్రత్త ఉత్తర్వు రాసిచ్చి, నెమ్మదిగా పొమ్మంటాడు. ఇక నీళ్లు కంకర దాటి పట్టాల దాకా వచ్చాయంటే, రైలు ఆగిపోవాలి. ఇద్దరు మనుషులు స్లీపర్ల రెండు చివర్లలో, ఒకరికి ఇటు ఒకరు అటు, కింద గట్టిగా ఉందో లేదో చూసుకుంటూ సమానంగా నడవాలి. వాళ్లు దాటాకే రైలు కదలాలి. ఈ కాలంలో కూడా మనిషి పాదమే పరికరం.

కొండ ప్రాంతాల్లో కథ ఇంకోలా ఉంటుంది. అక్కడ నీళ్లు కింద నుంచి కాదు, కొండే పైనుంచి వస్తుంది. మన కొత్తవలస–కిరండూల్ మార్గంలో, అంటే అరకు రైలు పోయే దారిలో, వానలకు లైను మీద బండలు పడటం మామూలే. పడమటి తీరంలోని కొంకణ్ మార్గంలో 2003 జూన్ 22 రాత్రి వైభవ్‌వాడి దగ్గర కొండచరియ విరిగిపడి, రైలు పట్టాలు తప్పి, యాభై మందికి పైగా చనిపోయారు. ఆ కొంకణ్ రైల్వేలో వానలకు వేరే టైంటేబులే ఉంది. వేగం తగ్గించి నడుపుతారు, ప్రయాణం గంటల కొద్దీ సాగుతుంది. ఎక్కేవాళ్లు అది తెలిసే ఎక్కుతారు. మన దగ్గర కూడా ఆ అలవాటు రావాలని నా ఆశ.

ఇప్పుడు నాకు ఇష్టమైన కథ. ఇష్టమైనది అంటున్నాను, ఎందుకంటే ఇది బాగా ముగుస్తుంది.

2019 జూలై 26. రాత్రి ఎనిమిది దాటాక ముంబై నుంచి కొల్హాపూర్‌కు మహాలక్ష్మి ఎక్స్‌ప్రెస్ బయల్దేరింది. అందులో వెయ్యి మందికి పైగా ఉన్నారు. సుమారు 1050 అని తరవాత లెక్క తేలింది. ముంబైలో వాన అంటే తెలుసుగా, ఆగి ఆగి కాదు, పోస్తూనే ఉంది. రైలు నత్తనడకన బద్లాపూర్ దాటింది. వాంగణి రాలేదు. ఆ రెంటి మధ్య ఆగిపోయింది. పక్కనే ఉల్హాస్ నది. అది గట్లు దాటి పొలాల మీదికి వచ్చేసింది. తెల్లారి కిటికీలోంచి చూస్తే కంకర లేదు, పట్టాలు లేవు, గట్టు లేదు. అన్ని వైపులా ఎర్రటి నీళ్లు. మధ్యలో ఒక రైలు.

ఇక్కడ కాసేపు మీరే ఆ బోగీలో ఉన్నారనుకోండి. రాత్రంతా నిద్ర లేదు. ఫోన్లో చార్జింగ్ అయిపోతోంది. దూరంగా ఊరు కనిపిస్తోంది, చెట్లు కనిపిస్తున్నాయి. అంత దూరమేం కాదనిపిస్తుంది. పక్క సీటాయన లేచి, "ఎంతసేపు కూర్చుంటాం, నడుము లోతే కదా, పోదాం పదండి" అంటాడు. అలా అనేవాడు ప్రతి బోగీలోనూ ఒకడుంటాడు. అతనికి కాస్త ధైర్యం ఎక్కువ ఉంటుంది, నలుగురు వెనక నడుస్తారు కూడా.

ఆ ఉదయం రైల్వే ఒకే విన్నపం చేసింది. రైలు దిగకండి. రైలే సురక్షితమైన చోటు. సహాయం వచ్చేదాకా ఉన్నచోటే ఉండండి. రైల్వే పోలీసులు, స్థానిక పోలీసులు ముందు చేరి బిస్కెట్లు, మంచినీళ్లు పంచారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కదిలారు. జాతీయ విపత్తు స్పందన దళం పడవలతో వచ్చింది. నౌకాదళం వచ్చింది, హెలికాప్టర్లు వచ్చాయి. గర్భిణులు తొమ్మిది మంది ఉన్నారు ఆ రైల్లో. ఒక్కో పడవా నింపుకుంటూ, దించుకుంటూ, మధ్యాహ్నానికల్లా అందరినీ బయటికి తెచ్చారు. అందరినీ. ఒక్క ప్రాణం పోలేదు. సాయంత్రానికి కల్యాణ్ నుంచి ప్రత్యేక రైలు వేసి కొల్హాపూర్ పంపించారు కూడా.

ఆ వెయ్యి మందిలో సగం మంది పొద్దున్నే దిగి నడిచి ఉంటే?

అందుకే, ఇవాళ్టి నా ప్రసంగంలో మీరు గుర్తుంచుకోవలసింది ఒక్క మాటే. నీళ్ల మధ్య రైలు ఆగితే దిగకండి. చెప్పేవాళ్లు చెప్పేదాకా దిగకండి.

ఎందుకో వినండి. పట్టాల మీద నుంచి బోగీ నేల దాదాపు నాలుగడుగుల ఎత్తు. ఆ పట్టాలు ఉన్న కట్ట, చుట్టూ ఉన్న నేలకన్నా ఎత్తు. అంటే ఆ చుట్టుపక్కల అన్నిటికన్నా ఎత్తయిన చోట మీరు కూర్చుని ఉన్నారు. బోగీ బరువు దాదాపు 40 టన్నులు. మీ బరువెంత? మోకాలి లోతు నీళ్లయినా వడి ఉంటే మనిషిని పడదోస్తాయి. పైగా దిగిన చోట కాలి కింద ఏముందో కనబడదు. కంకర అంచు ఎక్కడ అయిపోతుందో కనబడదు. తూము ఎక్కడుందో అసలే కనబడదు. తూములోకి లాగే నీళ్లు పైకి ప్రశాంతంగా ఉంటాయి. కొండ దగ్గర ఆగితే కూడా ఇదే మాట. ఫొటో తీద్దామని దిగి, విరిగిన కొండచరియ దగ్గరికి పోకండి. ఒక బండ పడిన చోట రెండోది సిద్ధంగా ఉంటుంది.

బోగీలో మందులు కావలసినవాళ్లో, గర్భిణులో, కదల్లేని పెద్దవాళ్లో ఉంటే టీటీఈకి చెప్పండి, లేదా 139కి ఫోన్ చేసి రైలు నంబరు, బోగీ నంబరు చెప్పండి. పడవ వచ్చినప్పుడు ముందు ఎవరిని ఎక్కించాలో వాళ్లకు అప్పుడు తెలుస్తుంది. ఫోన్‌ను అందుకోసం దాచుకోండి, వీడియోలకు కాదు.

సమయం దగ్గరపడుతోంది, డబ్బుల సంగతి కూడా చెప్పేసి ముగిస్తాను. చాలామంది కోపంలో టికెట్టు చించేస్తారు. చించకండి. రైల్వే రైలునే రద్దు చేస్తే ఛార్జీ మొత్తం వెనక్కి వస్తుంది. ఆన్‌లైన్‌లో కొన్న టికెట్టయితే దానంతటదే ఖాతాలో పడుతుంది. కౌంటర్లో కొన్నదైతే మీరే తీసుకెళ్లి ఇవ్వాలి. వరదల వల్ల రద్దయిన రైలుకు బయల్దేరవలసిన రోజు కాకుండా మరో మూడు రోజుల గడువుంటుంది. రైలు మూడు గంటలకు మించి ఆలస్యమై మీరు వద్దనుకుంటే, అది మీ స్టేషన్ వదిలేలోపే అడగాలి. దారి మధ్యలో ఆగిపోయి, మిమ్మల్ని గమ్యం చేర్చే ఏర్పాటు రైల్వే చేయలేకపోతే మొత్తం ఇస్తారు. బస్సో ఇంకో రైలో పెట్టినా మీరు ఎక్కనంటే, వచ్చిన దూరానికి పట్టుకుని మిగతాది ఇస్తారు. కాబట్టి ఆ బస్సు ఎక్కేముందు, లేదా ఎక్కనని చెప్పేముందు, టికెట్టు జేబులో ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

సెలవు. నమస్కారం.