రాళ్లు కాని గుండ్లు

అందరికీ నమస్తే. ఇందాక బల్ల మీద ఈ గుండ్లను చూసి ఒక పెద్దాయన "ఇన్ని రాళ్లు ఎట్ల మోసుకొచ్చినవు బిడ్డా" అని అడిగిండు. ఒకటి చేతిల పెట్టిన. నవ్విండు. అది టీవీ డబ్బాల వచ్చిన థర్మాకోల్. యుద్ధపు బొమ్మలాటకు ఇట్లాంటి గుండ్లు ఎట్ల చేసుకోవాల్నో ఇయ్యాల చెప్త.

యుద్ధపు బొమ్మలాట తెలియనోళ్ల కోసం రెండు ముక్కలు. బల్ల మీద రెండు దండులుంటయి. టేపుతో అంగుళాలు కొలిచి బొమ్మలను జరుపుతం, పాచికలేసి దెబ్బ తగిలిందో లేదో తేల్చుకుంటం. మన పులి-మేకల ఆటల గీతలే తొవ్వలు. ఇక్కడ గీతలుండయి, నేల చూసుకొని నడవాలె. బల్ల బోడిగ ఉంటే బాణాలోడు నిలబడ్డ కాడ్నించే అందర్నీ పడగొడ్తడు, ఆట చప్పగైతది. అందుకే నడుమ నడుమ గుండ్లు, కూలిన గోడలు, బస్తాలు పెడ్తరు. ఏ ఆటకు ఆ ఆట జరుపుకునే ఈ చిన్న ముక్కలనే స్కాటర్ టెర్రైన్ అంటరు. 1913ల ఇంగ్లండు రచయిత హెచ్.జి. వెల్స్ ఇట్లాంటి ఆటకు నియమాలు రాసినప్పుడు పిల్లల కట్టె ఇటుకలతోని, చెట్ల రెమ్మలతోని నేల పేర్చుకున్నడు. అన్నీ కొనుక్కునుడు తర్వాత పట్టిన రోగం.

ముందు కొలత. ఎక్కువ మంది వాడే బొమ్మ 28 మిల్లీమీటర్లది. నడుము దాకా దాగాలంటే గుండు 15 మిల్లీమీటర్లుండాలె, పూర్తిగ దాగాలంటే 40 దాకా పోవాలె. నేను మొదట చేసినవి చూడ ముచ్చటగుండె గని, ఒక్కదాని వెనక కూడ ఒక్క సైనికుడు దాగలే.

ఇంటర్నెట్‌ల చూపించే రాళ్లు కోసుగ, పలకలు పలకలుగ ఉంటయి. మన గుట్టలు అట్ల ఉండయి. దేవరకొండ కోట కాడికి పోయి చూడుండ్రి, గ్రానైటు ఉల్లిగడ్డ లెక్క పొరలు పొరలుగ ఊడి గుండ్రంగైతది, ఒక గుండు మీద ఇంకో గుండు కూసుంటది. అందుకే థర్మాకోల్‌ను కత్తితో కొయ్యొద్దు, చేత్తోనే విరవండి. మూలలను గరుకు కాగితంతో రుద్దండి. రెండు ముక్కల నడుమ చీపురుపుల్ల గుచ్చి ఫెవికాల్ పెట్టండి. థర్మాకోల్ పూసలు కనపడితే మోసం బయట పడ్తది. పేపర్ ముక్కలను ఫెవికాల్ నీళ్లల తడిపి ఒక పొర అంటించండి, తడి మీదనే జల్లెడ పట్టిన సన్న ఇసుక చల్లండి. ఎండాకాలమైతే పూటల ఆరుతది.

రంగు కాడ తొందరపడి నేను ఒక కోటగోడ పోగొట్టుకున్న. స్ప్రే డబ్బాతో కొట్టిన, కండ్ల ముందే కరిగి గుంతలు పడ్డది. అందుల ఉండే ద్రావకం థర్మాకోల్‌ను తింటది. నీళ్లల కలిసే రంగులే వాడండి. బూడిద రంగుల చిటికెడు ఇటుక ఎరుపు కలిపితే మన రాయి రంగు వస్తది. ఆరినంక నీళ్ల నలుపు పోస్తే సందులల్లకు దిగుతది. చివరికి కుంచెకు తెలుపు అద్ది, గుడ్డకు తుడిచి తుడిచి, ఇగ రంగే లేదనిపించినప్పుడు అంచుల మీద రాయండి. వాన నీళ్లు జారిన నల్ల చారలు రెండు గీస్తే చాలు, నల్లగొండోళ్లు ఇట్టే గుర్తుపడ్తరు.

అడుగుకు అట్ట పెడితే ఫెవికాల్ తడికి వంకరపోతది, పాత సీడీ పెట్టండి. మట్టి లెక్క కనపడనీకె, చాయ్ కాచినంక పారేసే చాయ్‌పత్తి ఎండబెట్టండి. గడ్డికి నేనైతే బతుకమ్మకు తెచ్చిన గునుగుల మిగిలినవి దాచుకుంట, మా ఇంట్ల ఎందుకో అర్థం గాక తిడ్తరు. బస్తాలకు, పీపాలకు వేరే పాఠం అక్కరలేదు. మట్టి ముద్దలు, సీసా మూతలు ఉన్నయి గద.

పక్క బల్ల మీద ఇసుక ఆరిన గుండ్లు ఇరవై ఉన్నయి. తలా ఒకటి తీసుకోండి. కుంచెలు తక్కువున్నయి, ఇద్దరికొకటి.