మెమో మీ చేతుల్లోనే ఉండాలి

(మార్కాపురం దగ్గరి ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల పదో తరగతి వీడ్కోలు సభలో ఒక పూర్వ విద్యార్థిని చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. హెడ్మాస్టర్ గారికి, రిటైరైనా నా కోసం వచ్చిన మా లెక్కల సారుకి, తెలుగు మేడం గారికి, బడి కమిటీ చైర్మన్ గారికి, సర్పంచ్ గారికి, ఈ పూట కూలి మానుకుని వచ్చిన అమ్మలకు, నాన్నలకు, మాకు అన్నం వండిపెట్టిన అక్కలకు నమస్కారాలు. ఎవరినైనా మరిచిపోతే మన్నించండి. ఈ షామియానా వేసిన చోట మా రోజుల్లో వేపచెట్టు ఉండేది. గదులు చాలక మా పదో తరగతి దాని కిందే జరిగేది.

'పది తర్వాత ఏమిటి' అని ఇరవై నిమిషాలు చెప్పమన్నారు హెడ్మాస్టర్ గారు. రాత్రి కూర్చుని ఈ కాగితం రాసుకున్నాను. ఇంటర్, పాలిటెక్నిక్, ఐటీఐ, ట్రిపుల్ ఐటీ అన్నీ ఇందులో వరసగా ఉన్నాయి, చెప్తాను. ముందు ఒక్క మాట అడుగుతాను, దాచకండి. ఏదో ఒక కాలేజీ పీఆర్వో, అంటే పిల్లల్ని చేర్పించడానికి ఇళ్ల చుట్టూ తిరిగే మనిషి, ఇప్పటికే మీ ఇంటికి వచ్చి వెళ్లాడా? వచ్చినవాళ్లు చేతులెత్తండి.

చూశారా సార్? సగం మంది పైనే. ఇంకా పరీక్షలే రాయలేదు. అడ్వాన్స్ కట్టినవాళ్లు ఎంతమంది? చేతులు దించకండమ్మా, అది మీ తప్పు కాదు. మా ఇంట్లోనూ కట్టారు.

నేను పది పాసైంది 2009లో. మా నాన్న మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పని చేసేవాడు. ఎక్కడెక్కడి పిల్లలో అఆలు దిద్దిన పలకలు ఆయన చేతుల మీదుగా వెళ్లాయి. ఆయనకు మాత్రం సంతకం ఒక్కటే వచ్చు. పరీక్షలు అయిన మూడో రోజే బండి మీద ఒక మనిషి వచ్చాడు. ఇంగ్లీషులో అచ్చేసిన రంగుల పుస్తకం ఇచ్చాడు, ఒక బ్యాగు ఇచ్చాడు. "మీ పాపకు సగం ఫీజే. ఈ నెలలో చేరితేనే" అన్నాడు. మా నాన్న ఐదు వేలు అప్పు తెచ్చి కట్టాడు. నన్నెవరూ ఏమీ అడగలేదు. మే నెలలో బ్రిడ్జి కోర్సని హాస్టల్లో వేశారు. ఎంపీసీ అంటే ఏమిటో నాకు అక్కడికి వెళ్లాకే తెలిసింది.

ఇంకో సంగతి. మా లెక్కల సారు, అదిగో ఆ చివర కూర్చున్నారు, తన డబ్బుతో ఫీజు కట్టి నాతో పాలిటెక్నిక్ పరీక్ష రాయించారు. ఇప్పుడు పాలిసెట్ అంటున్నారు, అప్పుడు సీప్ అనేవాళ్లు. ర్యాంకు వచ్చింది. ఒంగోలు ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ వస్తుందన్నారు సార్. నాకు చిన్నప్పటి నుంచీ మోటార్లంటే ఇష్టం. మా వీధి బోరు ఆగిపోతే మెకానిక్ పక్కనే కూర్చుని చూసేదాన్ని.

కౌన్సెలింగ్‌కి ఒరిజినల్ మార్కుల మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు కావాలి. అవన్నీ కాలేజీ వాళ్ల దగ్గరున్నాయి. ఫలితాలు రాగానే వాళ్ల మనిషే మా నాన్నను వెంటబెట్టుకుని బడికి వచ్చి, సంతకం పెట్టించి తీసుకెళ్లిపోయాడు. మేం వెళ్లి అడిగితే, "రెండేళ్ల ఫీజు కట్టి తీసుకెళ్లండి" అన్నారు. అప్పటికి నేను ఆ కాలేజీలో ఉన్నది ఐదు వారాలు.

మా నాన్న మూడు రోజులు ఆ కాలేజీ గేటు దగ్గర కూర్చున్నాడు. పొద్దున్నే సద్ది కట్టుకుని వెళ్లేవాడు, చీకటి పడ్డాక వచ్చేవాడు. మూడు రోజుల కూలి పోయింది. లోపల ఏసీ గదిలో ఉన్నాయన ఒక్కసారి కూడా బయటికి రాలేదు. మూడో రోజు నా ర్యాంకు పిలుపు వచ్చింది, వెళ్లిపోయింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి మా నాన్న అన్నమాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. "నీ కాగితాలు నేనే ఇచ్చేశానమ్మా, నాకు తెలియలేదు" అన్నాడు.

ఆ ఏడాది అక్కడే చదివాను. మరుసటి వేసవిలో మా రెండు బర్రెలు అమ్మి, చదవని రెండో ఏడాది ఫీజు కూడా కట్టి మెమో తెచ్చుకున్నాం. మళ్లీ సీప్ రాశాను. 2010లో ఒంగోలులో చేరాను. డిప్లొమా అయ్యాక, ఆ చదువు వాళ్ల కోసం పెట్టే ఈసెట్ పరీక్ష రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరాను. ఇప్పుడు 132 కేవీ సబ్‌స్టేషన్‌లో అసిస్టెంట్ ఇంజినీరుగా చేస్తున్నాను. నేను పోగొట్టుకున్న ఏడాది ఎలాగో సర్దుకుంది. ఆ బర్రెల పాలతో మా తమ్ముడి చదువు నడిచేది. వాడు బడి మానేసి పలకల పనికి వెళ్లాడు. అది మాత్రం సర్దుకోలేదు.

అందుకే ఈ కాగితం పక్కన పెట్టి మీకిది చెప్తున్నాను. మెమో, టీసీ ఎవరికీ ఇవ్వకండి. ఎక్కడ చదవాలో మీరు తేల్చుకునేదాకా ఇవ్వకండి. జిరాక్స్ ఇవ్వండి. "సీటు పోతుంది" అంటారు. పోనివ్వండి. ప్రైవేటు కాలేజీల్లో జులైలో కూడా సీట్లుంటాయి. ప్రభుత్వ సీటుకే తేదీ ఉంటుంది, ఆ తేదీ మన కోసం ఆగదు. డిగ్రీ కాలేజీలూ యూనివర్సిటీలూ ఒరిజినల్స్ అట్టే పెట్టుకోకూడదని వాటి మీద అజమాయిషీ చేసే యూజీసీ 2016లోనే చెప్పింది. రూల్ ఉన్నా అడిగేవాళ్లు లేకపోతే ఎవరూ పాటించరు. మన కాగితాలు మనమే పట్టుకోవాలి.

హెడ్మాస్టర్ గారూ, అందరి ముందు అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. ఈ ఏడాది టీసీలు పిల్లల చేతికో, అమ్మానాన్నల చేతికో మాత్రమే ఇస్తామని ఈ సభలోనే చెప్పండి. పక్కన కాలేజీ మనిషి నిలబడి ఉంటే ఇవ్వకండి.

ఇప్పుడు దారుల సంగతి. పాలిటెక్నిక్ మూడేళ్లు, పాలిసెట్ రాయాలి. నోటిఫికేషన్ వచ్చే రోజుల్లో మీరు పరీక్షల టెన్షన్‌లో ఉంటారు, కాబట్టి ఇప్పుడే ఇంట్లో ఒకరికి ఆ పని అప్పజెప్పండి. ట్రిపుల్ ఐటీలు, అంటే నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం, పది మార్కుల మీదే తీసుకుంటాయి. ఆరేళ్ల చదువు. మనలాంటి ప్రభుత్వ బడి పిల్లలకు కొంత అదనపు వెయిటేజీ ఉంది. మొదటిసారే పాసవ్వాలి. 2008లో అవి పెట్టారు, 2009లో మా ఊళ్లో ఆ సంగతి తెలిసినవాళ్లు లేరు. మీకు తెలియలేదనడానికి లేదు, నేను చెప్పాను. వ్యవసాయ వర్సిటీ ఇచ్చే వ్యవసాయ డిప్లొమా రెండేళ్లు. ప్రభుత్వ జూనియర్ కాలేజీ మన మండలంలోనే ఉంది.

ఐటీఐని చిన్నచూపు చూడకండి. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్లు, వెల్డర్ ఒక ఏడాది. రైలు నడిపే అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి పది మీద ఐటీఐ ఉంటే అప్లై చేయొచ్చు. నా సబ్‌స్టేషన్‌లో పెద్ద గాలివానకి లైన్లు తెగినప్పుడు నాకు ధైర్యం ఇచ్చేది బీటెక్ వాళ్లు కాదు, ఐటీఐ చదివిన లైన్‌మెన్లు.

ఒక సబ్జెక్టు పోతే సప్లిమెంటరీ ఆ వేసవిలోనే ఉంటుంది, పాసైతే ఏడాది వృథా కాదు. ఆ రోజు ఇంట్లో ఒంటరిగా కూర్చోకండి. మా లెక్కల సారు ఇంటికి వెళ్లండి, ఆయన తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది.

అమ్మలారా, మీతో కొంచెం. పరీక్షలు అయిపోగానే ముహూర్తాలు వస్తాయి. నాతో చదివిన అమ్మాయిలు ఆరుగురికి ఆ వేసవిలోనే పెళ్లిళ్లయ్యాయి. అందులో ఇద్దరు నాకంటే బాగా చదివేవాళ్లు. పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేయడం చట్టరీత్యా నేరం. చట్టం సంగతి అలా ఉంచి, వదినా, నీ కూతుర్ని ఒక్కసారి పక్కన కూర్చోబెట్టుకుని "నీకేం చదవాలని ఉందే" అని అడుగు. పిల్లలూ, 1098 నంబరు గుర్తుపెట్టుకోండి. ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు.

టైం అయిపోయిందని సారు గంట చూపిస్తున్నారు. ఇంకొక్క పని మిగిలింది. మీ యాభై రెండు మందికీ జిప్ ఉన్న ప్లాస్టిక్ ఫైళ్లు తెచ్చాను. హాల్ టికెట్ రాగానే పేరు, పుట్టిన తేదీ, నాన్న పేరు అక్షరం అక్షరం చూసుకోండి. మెమోలో ఎలా పడితే ఉద్యోగం దాకా అలాగే వస్తుంది. తప్పుంటే అదే రోజు హెడ్మాస్టర్ గారికి చెప్పండి. కులం, ఆదాయం సర్టిఫికెట్లకు ఊరి సచివాలయంలో ఈ నెలలోనే అర్జీ పెట్టుకోండి. అన్నీ ఈ ఫైల్లో ఉండాలి. ఫైల్ ఇంట్లో ఉండాలి.

ఆ వెనక తెల్ల తువ్వాలు వేసుకుని కూర్చున్నది మా నాన్న. ఫైళ్లు ఆయనే ఇస్తాడు. ముందు అమ్మాయిల వరుస రండి.