తల తిప్పలేదంటే మాట తెలియనట్టేనా?

(చర్చలో పాల్గొన్నవారు: శిశువుల భాషపై కంప్యూటర్ నమూనాలు తయారుచేసే పరిశోధకురాలు, పసిపిల్లలతో ప్రయోగాలు చేసే మనస్తత్వ శాస్త్రవేత్త, ఒక స్పీచ్ థెరపిస్టు)

వ్యాఖ్యాత: నమస్కారం. ఏడాది కూడా నిండని బిడ్డకి ఒక మాట తెలుసో లేదో ఎలా కనిపెడతారు? నోరు విప్పి చెప్పలేదు కదా. మేడమ్, అసలు బిడ్డకి ఎదురయ్యే చిక్కేమిటో ముందు చెప్పండి.

పరిశోధకురాలు: ‘బొమ్మెక్కడుందో చూడు’ అన్నామనుకోండి. రాస్తే ‘బొమ్మ’, ‘ఎక్కడ’, ‘ఉందో’ అని విడదీసి చూపించగలం. పలికేటప్పుడు ‘బొమ్మ’ చివరి అచ్చు ‘ఎక్కడ’లో కలిసిపోతుంది. ఆ శబ్దతరంగాన్ని తెరమీద పెట్టి చూడండి, ఆ మూడు మాటల మధ్య ఖాళీ ఉండదు. ఖాళీ కనిపించేది ‘ఎక్కడ’ నడుమ, ‘క్క’ దగ్గర నోట్లో గాలి ఆగిన క్షణంలో. భాష రాని బిడ్డ ఆ ఖాళీనే నమ్ముకుంటే మాటని సగానికి నరికేస్తుంది.

మనస్తత్వవేత్త: అయినా పిల్లలు పట్టుకుంటారండీ. 1996లో శాఫ్రన్, ఆస్లిన్, న్యూపోర్ట్ 8 నెలల పిల్లలకి అర్థంలేని అక్షరాల వరసని 2 నిమిషాలు వినిపించారు. అందులో విరామాల్లేవు, ఊనికల్లేవు. మాట లోపల ఒక అక్షరం వెనక ఫలానా అక్షరం తప్పక వస్తుంది. మాట అయిపోయాక వచ్చే అక్షరాన్ని మూడుసార్లలో ఒక్కసారే ఊహించగలం. ఆ ఒక్క తేడా ఆధారంగా ఏది మాటో, ఏది కాదో పిల్లలు పోల్చుకున్నారు.

వ్యాఖ్యాత: పోల్చుకున్నారని మీకెలా తెలిసింది?

మనస్తత్వవేత్త: గది చెప్తాను. మూడువైపులా తెరలు. అమ్మ ఒళ్లో బిడ్డ. అమ్మ చెవులకి హెడ్‌ఫోన్లు, వాటిలో వేరే సంగీతం. ఆవిడకి ప్రయోగంలోని మాటలు వినపడితే తెలియకుండానే బిడ్డని కదిలించే ప్రమాదముంది. ఎదురుగా ఒక లైటు మెరుస్తుంది, తర్వాత పక్కన ఇంకోటి. బిడ్డ అటు తల తిప్పగానే ఆ వైపు స్పీకర్లోంచి మాటలు మొదలవుతాయి. 2 సెకన్లు చూపు మరల్చిందా, మాట ఆగిపోతుంది. బిడ్డ అటే చూస్తోందా, చూపు మరల్చిందా అని బయటినుంచి ఒకరు గమనిస్తూ బటన్ నొక్కుతుంటారు. ఎంతసేపు అటు చూసిందన్నదే మా కొలత. 1995లో జూశిక్, ఆస్లిన్ ఈ పద్ధతిలోనే, 7½ నెలల పిల్లలు ముందు విన్న మాటని వాక్యంలో కూడా గుర్తుపడతారని చూపించారు.

పరిశోధకురాలు: నా అభ్యంతరం ఇక్కడేనండీ. ఆ 1995 ప్రయోగంలో పిల్లలు తెలిసిన మాటని ఎక్కువసేపు విన్నారు. 1996 దాంట్లో కొత్తగా అనిపించినదాన్ని ఎక్కువసేపు విన్నారు. రెండూ గుర్తింపే! మరి తెలిసినదాన్నీ కొత్తదాన్నీ సమానంగా విన్న బిడ్డ గురించి ఏమనుకోవాలి?

థెరపిస్టు: తెలియదనే అనుకుంటాం.

పరిశోధకురాలు: 2013లో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయంలో క్రిస్టీనా బెర్గ్‌మన్, ఆమె సహపరిశోధకులు ఈ మొత్తం వ్యవహారాన్ని కంప్యూటర్లో కట్టారు. బిడ్డ వినికిడి, జ్ఞాపకం, ధ్యాస, చివరికి బటన్ నొక్కే మనిషితో సహా. అంతకుముందు చాలా నమూనాలకి అక్షరాలుగా రాసిపెట్టిన మాటలు ఇచ్చేవారు. అంటే బిడ్డ పడాల్సిన కష్టం సగం మనమే పడ్డట్టు. వీళ్లు రికార్డు చేసిన గొంతులనే ఇచ్చారు. గుర్తింపు బలంగా ఉంటే ధ్యాస లేస్తుంది, క్రమంగా దిగుతుంది, ఒక హద్దు కిందకి వస్తే తల తిరిగిపోతుంది. లోపలి గుర్తింపుని కదపకుండా ఆ ధ్యాస నిలకడనీ, బటన్ నొక్కే మనిషి పట్టింపునీ మార్చి చూశారు. బయట కనిపించే ఫలితం మారింది! ఇంకో సంగతి, ఆ నమూనా వాక్యాన్ని మాటలుగా విడగొట్టనే లేదు. అయినా విన్న మాట ఏ వాక్యంలో ఉందో పసిగట్టింది.

మనస్తత్వవేత్త: నమూనా అలా చేసిందని బిడ్డా అలాగే చేస్తుందనలేం.

పరిశోధకురాలు: అనను. కానీ ‘బిడ్డ గుర్తుపట్టింది, అందుకే చూసింది’ అని మీరు ఒక్క ముక్కలో తేల్చేస్తారు. కంప్యూటరుకి ఆ ‘అందుకే’ అర్థం కాదు. చెవికీ మెడకీ మధ్య జరిగేదంతా మెట్టుమెట్టుగా రాస్తే తప్ప అది నడవదు. రాయడం మొదలుపెడితేనే ఎన్ని ఊహలు దాచుకున్నామో బయటపడుతుంది.

మనస్తత్వవేత్త: నిజానికి మీ మాటకి బలమిచ్చే ఫలితం మా వైపే ఉంది. 7 నెలల డచ్ పిల్లలు తల తిప్పే పరీక్షలో ఏ తేడా చూపలేదు. తలకి ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు తరంగాలు చూస్తే మాత్రం, విన్న మాటకి స్పందన వేరుగా ఉంది.

థెరపిస్టు: ఈ సంగతి మా రిపోర్టుల్లోకి రావాలి సర్. గొంతు మారినా ఇబ్బందే కదా?

మనస్తత్వవేత్త: అవును. 2000లో హ్యూస్టన్, జూశిక్ చూశారు. ఆడగొంతులో విన్న మాటని మగగొంతులో వినిపిస్తే 7½ నెలల పిల్లలు గుర్తించినట్టు కనపడలేదు, 10½ నెలలవాళ్లు గుర్తించారు.

వ్యాఖ్యాత: మరి పిలిస్తే చూడటం లేదని కంగారుపడే తల్లిదండ్రులకి ఏం చెప్తారు?

థెరపిస్టు: వినికిడి సంగతి వేరు, మాట గుర్తించే సంగతి వేరు. చెవి మీద అనుమానముంటే తల తిప్పేదాకా ఆగొద్దు. శబ్దానికి లోపలి చెవి స్పందనని కొలిచే ఓఏఈ, వినికిడి నాడి, మెదడు స్పందనని కొలిచే బెరా పరీక్షలున్నాయి. బిడ్డ నిద్రలో ఉన్నా చేస్తారు, దాని ధ్యాసతో పనిలేదు. పుట్టిన నెలలోపు స్క్రీనింగ్, 3 నెలల్లోపు నిర్ధారణ, 6 నెలల్లోపు చికిత్స మొదలవ్వాలి. ఇందులో ఆలస్యం చేయొద్దని చేతులెత్తి వేడుకుంటున్నాను.

మనస్తత్వవేత్త: మాటల గుర్తింపుకి అలాంటి పరీక్ష మా దగ్గర లేదు. మావన్నీ గుంపు సగటులే. ఈ ఒక్క బిడ్డ సంగతేమిటంటే చెప్పలేం.

పరిశోధకురాలు: అందుకే ఫైల్లో ‘మాట గుర్తించదు’ అని రాయొద్దంటాను. ‘ఈరోజు తేడా కనపడలేదు’ అని రాయండి.

థెరపిస్టు: రాస్తాను మేడమ్. వినిపించిన గొంతు ఎవరిదో కూడా రాస్తాను.