పాత స్పోర్ట్స్ కారు కొనేముందు

శ్రోతలకు నమస్కారం. అమెరికాలో న్యూజెర్సీలో స్థిరపడిన నా మిత్రుడొకరు క్లచ్ తొక్కి గేర్లు మార్చే పాత మాజ్దా మియాటా కారు కొనాలని ముచ్చటపడి, కొనేముందు ఏమేమి చూసుకోవాలో చెప్పమని అడిగారు. ఆయనకు చెప్పిన సంగతులే ఇప్పుడు మీకూ చెబుతాను.

1989లో షికాగో మోటారు ప్రదర్శనలో జనం ముందుకు వచ్చిన ఈ చిన్న కారులో ఇద్దరికే చోటు. పైకప్పు గుడ్డది, వెనక్కి మడిచేయవచ్చు. తొలి తరం బండ్లు సుమారు ఒక టన్ను బరువుండేవి. మొదట్లో వాటిలో ఉన్నది 1.6 లీటర్ల ఇంజనే అయినా, బండి తేలిక కావడం వల్ల నడపడంలో హుషారుకు లోటు లేదు. 2016లో పది లక్షలవ కారు తయారైంది. ఇంతగా అమ్ముడుపోయిన బండి కనుకనే పాతవాటికి కూడా విడిభాగాలు దొరుకుతున్నాయి.

అమెరికాలో గేర్లు మార్చే కార్లు ఇప్పుడు అరుదు కాబట్టి చాలామందికి ఆ విద్య రాదు. హైదరాబాదులో డ్రైవింగ్ నేర్చుకున్న నా మిత్రుడికి ఆ భయం లేదు. పెడళ్ల వరుస అక్కడా ఇక్కడా ఒకటే. ఎడమ చేయి చేసే పనిని కుడి చేతికి అప్పగించడమే ఆయనకు కొత్త.

బండిని ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూడాలి. మనం వెళ్లేసరికే అమ్మేవారు దాన్ని వేడెక్కించి ఉంచితే కారణం అడగడం మంచిది. చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు కాస్త మొరాయించడం ఈ పాత బండ్లలో మామూలే గానీ, వేడెక్కాక కూడా గరగరమంటే గేర్లు సాఫీగా కలిసేలా చేసే లోపలి సింక్రో రింగులు అరిగాయని భావించాలి. నాలుగో గేరులో నెమ్మదిగా వెళుతూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు ఇంజను వేగం పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే. పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంటే గేర్‌బాక్స్ పక్కనుండే చిన్న క్లచ్ సిలిండర్ కారుతోందేమో చూడాలి. అది పెద్ద ఖర్చు కాదు.

నిజానికి ఈ కారును తినేసేది గేర్‌బాక్స్ కాదు, తుప్పు. గుడ్డ టాపు మీద పడిన వాన నీరు సీట్ల వెనకనున్న సన్నని గొట్టాల గుండా కిందికి పోవాలి. ఆకులు, మట్టి చేరి అవి మూసుకుపోతే నీరు తలుపుల కింది రేకు లోపలికి చేరి అక్కడే నిలుస్తుంది. రేకు లోపలినుంచే కుళ్లుతుంది. పైగా న్యూజెర్సీ వైపు చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి తుప్పు అడుగునుంచి కూడా పడుతుంది. బయట కొత్త రంగు మెరుస్తున్నా, వెనక చక్రానికి ముందు తలుపు కింది భాగంలో అయస్కాంతం పెట్టి చూడాలి. అంటుకోకపోతే అక్కడ ఉన్నది రేకు కాదు, లప్పం. ఎర్రరంగు మీద మనసు పడినవారు మోకాళ్ల మీద కూర్చుని ఈ పరీక్ష చేయరని నా అనుమానం. నా మిత్రుడు కూడా ఫోటోలు పంపినప్పుడు ముందువైపు నుంచే తీసి పంపారు! ఇంజను బాగు చేయించుకోవచ్చు గానీ, కుళ్లిన చోట కోసి కొత్త రేకు వెల్డింగు చేయించడం బండి ధరనే మించిపోవచ్చు.

మొదటి రెండేళ్లలో వచ్చిన బండ్లకు ఇంకొక చిక్కుంది. ఇంజనులో తిరిగే ప్రధాన ఇరుసైన క్రాంక్ ముందు కొన పొట్టిగా ఉండి, దాని బోల్టు సరిగా బిగించకపోతే ఆ కొనకు తగిలించిన చక్రం, అంటే పుల్లీ, ఊగిసలాడుతూ క్రాంకునే పాడు చేస్తుంది. పుల్లీకి నాలుగు గాడులే కనిపిస్తే అది ఆ పాత రకమని, ఎనిమిది ఉంటే తరువాతిదని మెకానిక్కులు గుర్తిస్తారు. ఇంజను ఆడుతుండగా పుల్లీ వంకరగా తిరుగుతుంటే బేరం అక్కడితో ఆపేయవచ్చు. ఇంజను కవాటాలు సరైన సమయంలో తెరుచుకునేలా చూసే టైమింగ్ బెల్టును అరవై వేల మైళ్లకు మార్చాలి, దాన్ని మార్చినట్టు రసీదు చూపమని అడగాలి. అది లేకపోతే ఆ ఖర్చు మేరకు ధర తగ్గించమనాలి. చివరగా బండి యజమాని ఎవరో తెలిపే టైటిల్ పత్రం మీద సాల్వేజ్ అని ఉంటే, ఆ బండిని బీమా కంపెనీ ఒకప్పుడు బాగు చేయించడం దండగని వదిలేసిందని అర్థం. అలాంటిదాన్ని స్వతంత్ర మెకానిక్కు చేత లిఫ్టు మీద పరీక్ష చేయించకుండా కొనకూడదు.