ఆకలి లేని పని వారాల్లో అరగ్లాసు మాల్టు, పిడికెడు బుడ్డలు

అందరికీ నమస్కారం. పత్తి సీజన్ మొదలైతే ఆదోని యార్డులో హమాలీలకు, గుమాస్తాలకు పొద్దు తెలియదు. మార్చి నెలాఖరు వస్తే బ్యాంకుల్లో పనిచేసేవాళ్ళు ఇల్లు చేరేసరికి రాత్రి పది దాటుతుంది. తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీల్లో నిలబడేవాళ్ళు, ఆసుపత్రుల్లో వరుసగా నైట్ డ్యూటీలు పడిన నర్సమ్మలు, అందరి ఇళ్ళల్లోనూ ఆ వారం వినబడే మాట ఒకటే. "తినబుద్ది కావడం ల్యా మా. రోంత మజ్జిగన్నం పెట్టు, సాలు."

ఈ రోజు మాట్లాడేది ఆ మాట గురించే.

కడుపునిండా తినండి అని నేను చెప్పను. కడుపునిండా తినలేకపోతున్న మనిషికి ఆ సలహా ఎందుకూ పనికిరాదు, పైగా కోపం తెప్పిస్తుంది. అలాంటి వారంలో పళ్ళెం చిన్నదిగానే ఉండనివ్వండి. కానీ ఆ నాలుగు ముద్దల్లో నీళ్ళు, ఉత్త అన్నం తగ్గించి, గింజలు, పప్పు, గుడ్డు, పాలు పెంచండి. ఆకలి వేసేదాకా ఆగకుండా, టైము చూసుకుని అంతంత నోట్లో వేసుకోండి. ఇందుకు ప్రొటీన్ పౌడర్ డబ్బాలు కొనే పని లేదు. కావలసినవన్నీ మన సీమ వంటింట్లోనే ఉన్నాయి.

అసలు ఇంత కష్టపడుతుంటే ఆకలి దంచుకుని రావాలి కదా, ఎందుకు రాదు? ఒకటి, ఎండ. తిన్నది అరిగేటప్పుడు కూడా ఒంట్లో వేడి పుడుతుంది. అందుకే 40 డిగ్రీలు దాటిన రోజుల్లో శరీరమే ఆకలిని తగ్గించుకుంటుంది. రెండు, బరువు పని. మూటలెత్తుతున్నప్పుడు రక్తం కండరాలకు, చర్మానికి ఎక్కువ పోయి, పేగులకు తక్కువ అందుతుంది. టెన్షన్‌లో ఉన్నప్పుడూ కడుపు పని మందగిస్తుంది. దీనికితోడు గంటకో టీ. ఇంత జరిగాక పని దిగిన వెంటనే పళ్ళెం ముందు కూర్చుంటే ముద్ద ఎట్లా దిగుతుంది? ముఖం కడుక్కుని, ఒక పావుగంట ఫ్యాను కింద కూర్చోనివ్వండి ఆ మనిషిని. ఆ తర్వాత పెట్టండి.

ఆకలి తగ్గిందని ఒంటికి కావలసింది తగ్గదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దవాళ్ళకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. రెండు పూటలా మజ్జిగన్నం, మధ్యలో నాలుగు టీలు అంటే అందులో సగం కూడా రాదు. ఒకటి రెండు రోజులైతే ఫరవాలేదు. వారం మీద వారం అట్లాగే నడిస్తే కండ కరుగుతుంది, ఇంకా నీరసం వస్తుంది, నీరసంతో ఆకలి ఇంకా పడిపోతుంది.

ఇప్పుడు అంబలి సంగతి. ఎండలో అంబలిని మించింది లేదు, దాహం తీరుస్తుంది, చెమటతో పోయిన ఉప్పు అందిస్తుంది. కాకపోతే పలచటి అంబలి చెంబెడు తాగితే కడుపు నిండుతుంది, అందులో ఉండే పిండి మాత్రం రెండు చెంచాలు. ఆకలి ఉన్న మనిషి దాని వెనకే సంగటి తింటాడు కాబట్టి నష్టం లేదు. ఆకలి చచ్చిన మనిషికి ఆ చెంబే భోజనమైపోతుంది. పోనీ పిండి ఎక్కువ వేసి చిక్కగా కాద్దామంటే గొంతు దిగదు.

ఈ చిక్కుకు మార్గం రాగి మొలకల్లో, అంటే ఆ మొలకల పిండి కలిపి కాచే మాల్టులో ఉంది. దీన్ని నిదానంగా చెప్తాను, ఎందుకంటే ఈ వీడియోలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది ఇదే.

రాగులు శుభ్రంగా కడిగి రాత్రంతా నానబెట్టండి. పొద్దున నీళ్ళు వంచేసి, తడి గుడ్డలో మూటకట్టి పెడితే మన వేడికి ఒక రోజులో తెల్లటి చిన్న మొలకలు వస్తాయి. మొలక పొడుగు సాగేదాకా ఉంచొద్దు. మూట విప్పగానే పులిసిన వాసన గానీ, జిగురు గానీ తగిలితే పారేయండి, మొహమాటం వద్దు. బాగున్నవాటిని గలగలమనేదాకా ఎండబెట్టి, అరచేతుల మధ్య నలిపి, ఎండిన మొలకలు ఎగిరిపోయేట్టు చెరగండి. సన్న సెగ మీద దోరగా వేయించి మర ఆడించండి. ఎర్రగా మాడేదాకా వేయిస్తే మనం పడిన కష్టమంతా పోతుంది. ఎందుకో చెప్తా.

గింజ మొలకెత్తేటప్పుడు అందులో అమైలేజ్ అనే ఎంజైమ్ పుడుతుంది. గట్టి పిండిపదార్థాన్ని అది చిన్న చిన్న చక్కెరలుగా విడగొడుతుంది. అందుకని మొలకల పిండి మామూలు పిండిలా ముద్దకట్టదు. ఇదిగో, ఈ గిన్నెలో చూడండి. మామూలు రాగిపిండితో కాచిన జావ ఇది, గరిటె నిలబడుతోంది. దింపి కాసేపు అయింది, ఇంకా వేడిగానే ఉంది, ఉడుకు మాత్రం ఆగింది. ఇందులో ఒక చెంచా మొలకల పిండి వేసి కలిపి మూతపెడుతున్నా. కాసేపు ఆగి మూత తీస్తే... చూస్తున్నారా, గరిటె నుంచి జారిపోతోంది. చుక్క నీళ్ళు పోయలేదు. వేసిన పిండి వేసినట్టే ఉంది, గొంతులోకి మాత్రం పాలలా దిగుతుంది. కుతకుత ఉడికే జావలో వేస్తే ఎంజైమ్ అప్పుడే చచ్చిపోతుంది, అందుకే దింపాక వేయడం. పలచబడ్డాక మళ్ళీ పొయ్యి మీద పెట్టి బాగా ఒక పొంగు రానివ్వండి, మొలకల పిండిని పచ్చిగా తాగకూడదు.

పసిపిల్లల చిన్న పొట్టకు తక్కువ జావలో ఎక్కువ బలం అందించాలని మన దేశంలో పోషకాహార నిపుణులు ఎన్నో ఏళ్ళుగా ఈ పద్ధతి మీద పనిచేశారు. అలసిపోయి రెండు గుక్కలకే గ్లాసు కింద పెట్టే పెద్దవాళ్ళకు కూడా కావలసింది అదే కదా! 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. నీళ్ళ బదులు పాలతో కాస్తే గ్లాసుకు ఎనిమిది గ్రాముల దాకా ప్రొటీన్ వస్తుంది. గ్లాసంతా ఒక్కసారే తాగక్కర్లేదు. అరగ్లాసు పొద్దున, అరగ్లాసు సాయంత్రం. తీపి వెగటైతే బెల్లం మానేసి నీళ్ళతోనే కాచి, చల్లారాక గడ్డ పెరుగు, ఉప్పు, జీలకర్ర పొడి కలుపుకోండి.

ఇంగ మన బుడ్డలు. అనంతపురం జిల్లాలో పుట్టి శెనక్కాయల గురించి ఒకరు చెప్పాలా అనుకుంటారు. కానీ ఎంతసేపూ దాన్ని నూనె గింజగానో, కాలక్షేపం తిండిగానో చూస్తాం, భోజనంలో లెక్క వేయం. పిడికెడు విత్తనాలు, అంటే 30 గ్రాములు, ఏడు గ్రాముల ప్రొటీన్, 160 కేలరీలకు పైనే. ఒక కోడిగుడ్డులో ఉండేది ఆరు గ్రాముల ప్రొటీన్, 70 కేలరీలు. చొక్కా జేబులో పట్టే ఆ పిడికెడు, తిన్నట్టే అనిపించకుండా, లోపలికి ఎంత తీసుకెళ్తుందో చూడండి. వేయించినవి నమలడానికి ఓపిక లేకపోతే ఉడకబెట్టినవి తినండి. లేదా ఊరిబిండి, అంటే బుడ్డల పచ్చడి, గట్టిగా నూరుకుని అర ముద్ద సంగటితో, ఒక్క ఇడ్లీతో తినండి. బెల్లంతో ఉండలు చేసి డబ్బాలో పెట్టుకుంటే నైట్ డ్యూటీలో మూడు గంటలప్పుడు ఒకటి చాలు. బడి పిల్లలకు ప్రభుత్వం చిక్కీ పెట్టింది ఊరికే కాదు.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. పంట చివర్లో వాన రాకపోతే, లేదా కాయ సరిగా ఆరకుండా మూటకడితే, బుడ్డల్లో ఒక రకం బూజు చేరి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. అది కాలేయానికి చేటు. వేయించినా పూర్తిగా పోదు. మన నేలలో కరువు కొత్త కాదు కాబట్టి ఇది మన సమస్యే. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు పట్టినవి ఏరి పారేయండి. నోట్లో చేదు తగిలితే మింగొద్దు, ఉమ్మేయండి. ఏరినవాటిని ఆవుకో మేకకో కూడా వేయొద్దు.

పొద్దున టిఫిన్ సంగతి చెప్పాలంటే, ఉగ్గాని నాకు బాగా నచ్చుతుంది ఇట్లాంటి రోజులకు. నానిన బొరుగులు మెత్తగా ఉంటాయి, పెద్దగా నమిలే పని ఉండదు. బొరుగుల్లో ఉన్నది బియ్యమే కాబట్టి, బలమంతా మనం కలిపేదాన్ని బట్టి. పుట్నాల పప్పుల పొడి మామూలుగా వేసేదానికి రెట్టింపు వేయండి, బుడ్డలు వేయండి, నిమ్మకాయ పిండండి. పక్కన మిరపకాయ బజ్జీ బదులు ఉడికిన గుడ్డు. బజ్జీ లేని ఉగ్గాని ఏమి ఉగ్గాని అంటారని తెలుసు. ఆదివారం తినండి. నూనె తిండి కడుపులో ఎక్కువసేపు కూర్చుంటుంది, తర్వాతి పూట ఆకలిని కూడా అదే తినేస్తుంది.

మధ్యాహ్నం క్యారీలో అన్నం తగ్గించి పప్పు గట్టిగా పెట్టండి. చారు, పలచటి మజ్జిగ చివర్లో. ముందే అవి పోసుకుంటే కడుపు నీళ్ళతో నిండిపోతుంది. నోరు చప్పబడితే కొంచెం చింతకాయ తొక్కు, నిమ్మకాయ ఊరగాయ నంజుకోవడంలో తప్పులేదు, పులుపు తగిలితే నోట్లో నీళ్ళూరుతాయి. వేడి వంటల ఘాటుకు కడుపు తిప్పేవాళ్ళు చల్లారినవి తింటే తేలిగ్గా దిగుతాయి. పెరుగన్నం, చీనీ కాయ (బత్తాయి) తొనలు, అరటిపండు, ఇవి వాసన పెట్టవు.

టీ మానేయమంటే ఎవరూ వినరు, నేను అడగను కూడా. భోజనానికి గంట ముందు, గంట తర్వాత మాత్రం వద్దు. జాతీయ పోషకాహార సంస్థ కూడా అదే చెప్తోంది. టీలోని టానిన్లు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. రక్తం తక్కువగా ఉంటే ఆకలి ఇంకా తగ్గుతుంది. నీళ్ళు రోజంతా గుక్కగుక్కగా తాగండి, భోజనం ముందు చెంబెడు ఎత్తొద్దు.

లెక్క కట్టి చూద్దాం. పాలతో మాల్టు గ్లాసు, గుడ్డు, పిడికెడు బుడ్డలు, అరకప్పు గట్టి పప్పు, చిన్న గిన్నె పెరుగు, రెండు చెంచాల పప్పుల పొడి. దాదాపు 35 గ్రాముల ప్రొటీన్ ఇక్కడే వచ్చింది. రెండు పూటలా తినే కొంచెం అన్నం, రొట్టె కలిస్తే 50కి దగ్గరకొస్తాం. ఇందులో ఏ ఒక్కటీ పళ్ళెం నింపేది కాదు.

ఇంట్లో వాళ్ళకో మాట. "ఏమప్పా, చేసిందంతా మిగిల్చినావు" అని ఆ వారంలో అనొద్దు. అలసిన మనిషికి అది ఇంకో పనిలా వినిపిస్తుంది. చేతికి చిన్న గిన్నె ఇవ్వండి, అయిపోతే ఇంకొంచెం అడుగుతాడు. ఇంకో సంగతి నన్ను చాలా బాధపెడుతుంది. యార్డుకు వెళ్ళే మొగుడికి క్యారీ సర్ది, పిల్లల్ని బడికి పంపి, తను కూలికో నర్సరీకో పోయే ఆడమనిషి, పొయ్యి సెగ దగ్గర వాసనలు పీల్చీ పీల్చీ, చివరికి అడుగున మిగిలింది తినేసరికి ఆమెకు ఆకలే ఉండదు. అక్కా, వంట మొదలుపెట్టక ముందే మీ అరగ్లాసు మాల్టు తాగేయండి. అన్నా, మీ ఇంట్లో ఆ గ్లాసు మీరు కలిపి ఇవ్వండి.

ఇదంతా పని ఒత్తిడితో ఆకలి తగ్గినవాళ్ళకు. పని తగ్గాక కూడా రెండు వారాలైనా ఆకలి రాకపోయినా, ప్రయత్నించకుండానే బరువు తగ్గుతున్నా, రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రం జ్వరం ఉన్నా, కళ్ళు పచ్చబడినా, ఏ పని మీదా మనసు లేకపోయినా, తిండితో సరిపెట్టుకోకుండా డాక్టరుకు చూపించుకోండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు ప్రొటీన్ పెంచేముందు డాక్టర్ని అడగాలి. షుగర్ ఉన్నవాళ్ళకు మాల్టు త్వరగా చక్కెరగా మారుతుంది, బెల్లం అసలే వద్దు, బుడ్డలు, గుడ్డు, పప్పు వైపు మొగ్గండి. షుగర్ మాత్రో ఇన్సులినో తీసుకుని, తినకుండా పనిలోకి దిగడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. వణుకు, చల్లటి చెమట, కళ్ళు తిరగడం వస్తే పని అక్కడే ఆపి కూర్చోండి, మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగండి. పావుగంటలో తగ్గకపోతే మళ్ళీ తాగి, పక్కనున్నవాళ్ళను పిలిచి ఆసుపత్రికి వెళ్ళండి. తగ్గితే వెంటనే ఏదో ఒకటి తినండి.