చెహోవ్‌ని తిట్టిన కూగెల్‌ని ఇప్పుడెందుకు చదవాలి?

యాంకర్: నమస్కారం. ఈరోజు మన చర్చ అలెగ్జాండర్ కూగెల్ గురించి, విప్లవానికి ముందు రష్యన్ నాటకరంగంలో బాగా పలుకుబడి ఉన్న విమర్శకుడు. సార్, ముందు మీరు చెప్పండి, ఎవరీయన?

నాటక విమర్శకుడు: 1864లో పుట్టారండి, ఇప్పటి బెలారస్‌లోని మొజీర్‌లో, ఒక యూదు కుటుంబంలో. పీటర్స్‌బర్గ్‌లో లా చదివి పత్రికల్లోకి వచ్చేశారు. కలం పేరు 'హోమో నోవస్'. 1897 నుంచి 1918 దాకా 'తియాత్ర్ ఇ ఇస్కుస్త్వొ', అంటే 'నాటకరంగం, కళ' అనే వారపత్రిక నడిపారు. రాజధాని నాటకాలే కాదు, జిల్లాల్లో తిరిగే కంపెనీల కబుర్లు కూడా అందులో వచ్చేవి, అదే నాకు చాలా ఇష్టమైన సంగతి.

రంగస్థల దర్శకురాలు: అవన్నీ సరే సార్, కానీ చెహోవ్ నాటకం 'సీగల్' సంగతి ముందు మాట్లాడాలి కదా! 1896 అక్టోబర్‌లో పీటర్స్‌బర్గ్‌లోని అలెగ్జాండ్రిన్‌స్కీ థియేటర్‌లో మొదటి ప్రదర్శన. అది లెవ్కెయెవా అనే హాస్యనటి గౌరవార్థం పెట్టిన రాత్రి, జనమంతా హాయిగా నవ్వుకుందామని వచ్చారు. నాటకంలో నీనా పాత్రలో నటి కొమిస్సార్‌జెవ్‌స్కయా ఉన్నా కూడా హాలంతా గోల. జనానికి అర్థం కాలేదంటే ఒప్పుకుంటాను, కూగెల్ కూడా వెంటనే నాటకాన్నే తప్పుపడుతూ రాశారే! రెండేళ్ల తర్వాత మాస్కో ఆర్ట్ థియేటర్ అదే నాటకాన్ని నిలబెట్టింది.

నాటక విమర్శకుడు: తప్పే మేడమ్, దాన్ని వెనకేసుకు రాను. అయితే ఆయన గొడవ ఒక్క చెహోవ్‌తో కాదు. నాటకం నటుడిది, దర్శకుడు వచ్చి నటుణ్ని తన ఆలోచనకి పనిముట్టు చేసుకోకూడదు అన్నది ఆయన పట్టు. మాస్కో ఆర్ట్ థియేటర్ దర్శకుడు స్టానిస్లావ్‌స్కీతో పేచీ అక్కడే.

రంగస్థల దర్శకురాలు: ఆ పట్టే నాకు నచ్చదు. దర్శకుడు లేకపోతే ఆ 'సీగల్' 1898లో లేచేదా?

యాంకర్: మరి అంత పట్టున్న మనిషి సొంతంగా థియేటర్ ఎలా నడిపారు సార్?

నాటక విమర్శకుడు: అసలు విశేషం అదేనండి. 1908లో భార్య, నటి జినైదా ఖోల్మ్‌స్కయాతో కలిసి పీటర్స్‌బర్గ్‌లో 'క్రివొయె జెర్కాలొ' పెట్టారు, అంటే వంకర అద్దం. పేరడీలు, చిన్న నాటికలు. 1910లో దర్శకుడిగా ఎవరిని తెచ్చుకున్నారనుకున్నారు? నికొలాయ్ యెవ్‌రెయినొవ్‌ని, ఆ కాలంలో అందరికంటే సాహసం చేసిన దర్శకుల్లో ఒకణ్ని! 1912లో ఆయన గొగోల్ 'ఇన్‌స్పెక్టర్ జనరల్'లోని ఒక భాగాన్ని తీసుకుని, మామూలు పద్ధతిలో ఒకసారి, స్టానిస్లావ్‌స్కీ చేస్తే ఎలా ఉంటుందో ఒకసారి, గోర్డన్ క్రెయిగ్, రైన్‌హార్ట్ చేస్తే ఎలా ఉంటుందో, చివరికి మూకీ సినిమా తీస్తే ఎలా ఉంటుందో వరసగా ఆడించారు. దర్శకుల మీద అంత నిశితమైన విమర్శ వ్యాసంలో రాయడం కష్టం.

రంగస్థల దర్శకురాలు: ఇది మాత్రం ఒప్పుకుంటాను సార్. అది విమర్శే, కాకపోతే స్టేజీ మీద చేసి చూపించారు. ఒక్కో దర్శకుడి పద్ధతి లోతుగా తెలియకపోతే అలా ఆడించలేరు. మా రిహార్సల్స్‌లో కుర్రాళ్లతో ఆ ఎక్సర్‌సైజ్ చేయించాలనుంది, ఒకే సీన్ నాలుగు రకాలుగా.

యాంకర్: తర్వాత?

నాటక విమర్శకుడు: 1918లో పత్రిక ఆగిపోయింది, థియేటర్ మూతపడి 1922లో మళ్లీ తెరిచారు. 1923లో 'థియేట్రికల్ పోర్ట్రెయిట్స్' అనే పుస్తకం, ఆయన ఎరిగిన నటీనటుల గురించి. 1928లో లెనిన్‌గ్రాడ్‌లో పోయారు. 'సీగల్' విషయంలో ఆయన తీర్పు చదవకపోయినా పర్లేదు మేడమ్, నటుల మీద రాసినవి మాత్రం మీ కుర్రాళ్ల చేత చదివించండి.

రంగస్థల దర్శకురాలు: రెండూ చదివిస్తాను సార్, పక్కపక్కన పెట్టి.